మొదటి అప్పు, అవసరం రాకముందే

(డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం జరిగిన సభలో, బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక అధికారిణి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా వచ్చినందుకు చాలా సంతోషం. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మన ఇళ్లలో అప్పు మాట వస్తే పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు, పిల్లల్ని పక్క గదిలోకి పొమ్మంటారు. పాతికేళ్లు వచ్చి ఉద్యోగంలో చేరేదాకా పిల్లలకు వడ్డీ లెక్క తెలియదు. తెలిసేసరికి చేతిలో ఏదో ఒక యాప్ ఉంటుంది.

రుణాల విభాగంలో ఉన్నన్నాళ్లూ ఒక ప్రశ్న నన్ను బాగా ఇబ్బంది పెట్టేది. "ఇంతవరకు ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదండీ. ఒక్క రూపాయి బాకీ లేదు. అయినా నాకు ఇవ్వనంటారేమిటి?" అని అడిగేవారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది మాట మీద నిలబడే మనుషులే. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. బాకీ లేకుండా బతకడం మనకు పరువు. ఆ పరువు గురించి బ్యాంకు కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. దానికి కనిపించేది ఖాళీ గడి ఒక్కటే.

అప్పు ఇచ్చేవాడు ఎప్పుడైనా రెండు విషయాలు తెలుసుకోవాలనుకుంటాడు. ఇతను తీర్చగలడా? తీరుస్తాడా? మొదటిదానికి జీతం కాగితమో, పొలం పాస్‌పుస్తకమో, దుకాణం లెక్కో జవాబు చెబుతుంది. రెండోదానికి ఇంతకుముందు తీర్చిన అప్పే సాక్ష్యం. ఆ సాక్ష్యం లేనివాడికి మొదటి అప్పు దొరకదు, మొదటి అప్పు దొరకనిదే సాక్ష్యం పుట్టదు. ఈ ముడి ఎలా విప్పాలన్నదే ఇవాళ్టి మాట.

ఒకప్పుడు ఈ సాక్ష్యం మేనేజరు మనసులో ఉండేది. ఫలానావారి అబ్బాయి అంటే సరిపోయేది. ఆ రోజులే బాగుండేవని కొందరు అంటారు, నేను అనలేను. పేరున్న ఇంటివాళ్లకు, పెద్దల సిఫారసు ఉన్నవాళ్లకు ఆ తలుపు తెరుచుకునేది. కూలి చేసుకునే మనిషి, ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబం, ఒంటరి ఆడమనిషి ఆ గడప దాకా వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు. 2000లో అందరి అప్పుల చరిత్రనూ ఒకచోట నమోదు చేసే సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో పార్లమెంటు రుణ సమాచార సంస్థల చట్టం చేసింది. ఇప్పుడు మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. సిబిల్ పేరు నలిగిపోయి మనం స్కోరు అంటే సిబిలే అనుకుంటున్నాం కానీ మీ సమాచారం నాలుగింటిలోనూ ఉంటుంది. మీరు తీసుకున్న ప్రతి రుణం, కట్టిన ప్రతి కిస్తీ, తప్పిన ప్రతి గడువు బ్యాంకులు వీటికి పంపుతాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 మధ్య ఒక సంఖ్య వస్తుంది, అదే స్కోరు.

ఎప్పుడూ అప్పు చేయనివారి రుణ నివేదిక తెరిస్తే ఆ సంఖ్య ఉండవలసిన చోట సాధారణంగా 'ఎన్‌హెచ్' (నో హిస్టరీ, అంటే చరిత్ర లేదు) అనో, మైనస్ 1 అనో కనిపిస్తుంది. మైనస్ గుర్తు చూడగానే గుండె జారిపోతుంది. జారిపోనవసరం లేదు. అది మీ మీద మచ్చ కాదు, మీ గురించి ఇంకా ఏమీ రాయలేదని మాత్రమే. రాయని పలక వేరు, తప్పులు రాసిన పలక వేరు. కిందటేడు మూడు కిస్తీలు ఎగ్గొట్టినవాడినీ, ఎన్నడూ అప్పు చేయనివాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఈ మాట నేను ఒక్కదాన్నే అనడం లేదు. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6న ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ అనే ఆదేశాల పత్రంలో, రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారి దరఖాస్తును తిరస్కరించవద్దని బ్యాంకులకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభలో ఈ సంగతి చెప్పారు. రుణానికి కనీసం ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదని కూడా స్పష్టం చేశారు.

దీని అర్థం జాగ్రత్తగా పట్టుకోవాలి. చరిత్ర లేకపోయినా అప్పు ఇచ్చి తీరాలని ఎవరూ అనలేదు. ఆ ఒక్క కారణం చూపి పొమ్మనకూడదని మాత్రమే. ఆదాయం చాలదనో, ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయిందనో బ్యాంకు కాదనవచ్చు. అందుకే ఎవరైనా మీ దరఖాస్తు తిప్పి పంపితే, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగకుండా లేచి రావద్దు. కౌంటరు దగ్గర "సిస్టమ్ ఒప్పుకోవడం లేదండీ" అని చెప్పడం చాలా తేలిక. అదే మాట కాగితం మీద రాయవలసి వస్తే రాసే మనిషి దరఖాస్తును ఇంకోసారి చదువుతాడు. ఇది నేను కళ్లారా చూసిన విషయం.

ఇప్పుడు మీలో చాలామందికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. నేను అద్దె తప్పకుండా కడుతున్నాను కదా, కరెంటు బిల్లు గడువు దాటనివ్వను కదా, ఫోన్‌లో రోజుకు పది చెల్లింపులు చేస్తాను కదా, ఇదంతా ఎక్కడికి పోతోంది? సాధారణంగా ఇది మీ రుణ నివేదికకు ఎక్కదు. యూపీఐలో మీరు పంపేది మీ సొంత డబ్బు, అది అప్పు కాదు. పొదుపు ఖాతాలో లక్ష రూపాయలున్నా స్కోరు పెరగదు. ఇరవై నెలల చిట్టీ ఒక్క నెల తప్పకుండా కట్టిన తల్లి ఉంటుంది. పాట పాడుకున్న తర్వాత కూడా చివరి నెల దాకా కట్టింది కాబట్టి ఆమెను మించి నమ్మదగిన మనిషి లేరు. ఆ సంగతి చిట్టీ నడిపే ఆవిడకు తెలుసు, వీధికంతా తెలుసు, బ్యాంకుకు తెలియదు. నోటు రాసి తెచ్చుకుని తీర్చిన అప్పు సంగతీ అంతే. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన రుణం మాత్రం నివేదికకు ఎక్కుతుంది. వీధి చివర కొట్టులో పెడితే ఎక్కదు.

స్కోరుకు ఎక్కనంత మాత్రాన ఇదంతా వృథా అనుకోవద్దు. స్కోరు లేని మనిషి దరఖాస్తు వస్తే రుణ అధికారి చూసేది బ్యాంకు స్టేట్‌మెంటునే. దాన్ని మేము ఎలా చదువుతామో చెబుతాను, ఎందుకంటే ఇది బయటివాళ్లకు ఎవరూ చెప్పరు.

ఆరు నెలల స్టేట్‌మెంటు చేతికి రాగానే చివరి పంక్తిలో నిల్వ ఎంతుందో చూస్తామని అందరూ అనుకుంటారు. కాదు. జీతం ఏ తారీఖున పడుతోంది, పడిన డబ్బు ఎన్ని రోజులు నిలుస్తోంది అన్నది ముందు చూస్తాం. ఒకటో తారీఖున 22,000 జమ అయి, నాలుగో తారీఖుకు 300 మిగిలితే, ఆ మనిషికి మూడు వేల కిస్తీ పెడితే పదో తారీఖున ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అదే 22,000 జీతంలో ప్రతి నెలాఖరుకూ రెండు మూడు వేలు మిగిలి ఉంటే, ఆ మిగులే కిస్తీ కట్టగల శక్తి. తర్వాత 'రిటర్న్' అన్న మాట కోసం వెతుకుతాం. ఏదైనా ఆటో డెబిట్ వచ్చి, ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోతే, దాని కిందనే జరిమానా కోత కనిపిస్తుంది. ఆరు నెలల్లో అలాంటివి మూడు ఉంటే చదివే చెయ్యి ఆగుతుంది. ఆన్‌లైన్ జూదానికి పోయిన డబ్బు, రుణ యాప్‌ల పేర్లతో పడిన జమలు కూడా కంటికి తగులుతాయి. ఇంకొకటి, దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా యాభై వేలు వచ్చి పడుతుంది. నిల్వ పెద్దదిగా చూపడానికి తెచ్చి వేసిన చేబదులు అని చూడగానే తెలిసిపోతుంది. దయచేసి అలా చేయకండి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిన చిన్న ఖాతా మీద మాకు ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

రోజువారీ వసూళ్ల మీద బతికేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆటో నడిపేవారైనా, కుట్టుపని చేసేవారైనా, వచ్చిన డబ్బును చేతిలోనే ఖర్చు పెట్టేయకుండా ఒకే ఖాతాలో పడేటట్టు చూసుకుంటే ఏడాది తిరిగేసరికి అదే ఒక రికార్డు. యూపీఐ స్కోరును పెంచదని ఇందాక చెప్పాను. మీ ఆదాయాన్ని మాత్రం అది కాగితం మీదికి తెస్తుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చిన మాట. మొదటి అప్పు, దాని అవసరం రాకముందే తీసుకోండి. వినడానికి ఇది విచిత్రంగా ఉంటుంది, కొందరు తండ్రులు మొహం చిట్లిస్తున్నారు కూడా. నా మాట పూర్తిగా వినండి. ఇంట్లో ఎవరికో ఆపరేషన్, రేపు ఉదయానికి రెండు లక్షలు కావాలి. అప్పుడు మొదటిసారి బ్యాంకు మెట్లెక్కితే మీ దగ్గర సమయం లేదు, బేరం లేదు, రెండో దారి లేదు. ఏ వడ్డీకి ఇస్తానంటే ఆ వడ్డీకి సంతకం పెడతారు. మనుషులు మునిగిపోవడం నేను చూసింది అక్కడే. ఏ తొందరా లేని రోజున, తీర్చడానికి డబ్బు ముందే చేతిలో ఉన్న రోజున, చిన్న మొత్తంతో మొదలుపెట్టినవాళ్లకు ఆ గడ్డు రోజున మర్యాదైన వడ్డీకి డబ్బు దొరుకుతుంది.

చేతిలో డబ్బుంటే అప్పెందుకు అంటారా? చరిత్ర కోసం. దానికి నాకు తెలిసినంతలో అందరికన్నా క్షేమమైన దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. పద్దెనిమిదేళ్లు నిండి, పాన్ కార్డు ఉండి, కొద్దిపాటి డిపాజిట్ వేయగలిగితే చాలు. జీతం కాగితం అడగరు, స్కోరు అడగరు, ఎందుకంటే మీ డిపాజిట్టే వాళ్లకు హామీ. ఇరవై వేల డిపాజిట్ వేశారనుకుందాం. పదహారు వేలో, పద్దెనిమిది వేలో పరిమితితో కార్డు ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. ఆ కార్డుతో ఎలాగూ చేసే ఖర్చులే చేయండి. ఫోను రీఛార్జి, పెట్రోలు, పుస్తకాలు. కొత్త ఖర్చు ఒక్కటి కూడా కార్డు ఉంది కదా అని చేయవద్దు. నెల బిల్లు రాగానే మొత్తం కట్టేయండి. రూపాయి వడ్డీ పడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మీ పరిమితి పదహారు వేలు, ఈ నెల పధ్నాలుగు వేలు వాడారు, గడువులోగా మొత్తం కట్టేశారు. తప్పు లేదు కదా? కానీ సమాచార సంస్థకు చేరేది సాధారణంగా బిల్లు తయారైన రోజున ఉన్న బాకీ. పదహారులో పధ్నాలుగు వాడిన మనిషి డబ్బుకు కటకటలాడుతున్నట్టు కనిపిస్తాడు. పరిమితిలో మూడో వంతు దాటకుండా వాడితే మంచిది. ఎప్పుడైనా ఎక్కువ వాడవలసి వస్తే బిల్లు తారీఖుకు ముందే కొంత కట్టేయండి. బిల్లు తయారయ్యే తారీఖు, కట్టవలసిన ఆఖరి తారీఖు, ఈ రెండూ వేరువేరు. కార్డు చేతికి రాగానే రెండింటినీ గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

బిల్లులో పెద్ద అక్షరాలతో మరో అంకె ఉంటుంది, కనీస చెల్లింపు అని. దాని జోలికి పోవద్దు. పదివేల బిల్లు వచ్చింది, కనీసం ఐదు వందలు కడితే చాలన్నారు, కట్టారు. గడువు తప్పలేదు కాబట్టి రికార్డుకు మచ్చ పడదు. మరి వడ్డీ? నెలకు మూడున్నర శాతం అనుకుంటే సుమారు 350 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 63. మీరు కట్టిన ఐదు వందల్లో 413 అక్కడికే పోయింది. అసలు తగ్గింది 87 రూపాయలు. అదీ కాక, ఆ నెల కొత్తగా కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్లలో అమ్మో అంటాం. ఇది నూటికి మూడున్నర. తళతళలాడే కార్డు చేతిలో ఉంటే ఆ సంగతి మనకు తట్టదు.

కార్డు వద్దనుకునేవాళ్లకు వేరే దారులున్నాయి. మీ రికరింగ్ డిపాజిట్ మీద చిన్న రుణం తీసుకుని ఏడాదిలో కిస్తీలుగా తీర్చవచ్చు. పై చదువుకు వెళ్లేవారికి విద్యా రుణమే మొదటి రుణం అవుతుంది. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. చదువు పూర్తయిన తర్వాత కూడా సాధారణంగా ఒక ఏడాది గడువుంటుంది. ఆ కాలంలో కట్టలేదని ఎగవేత కింద రాయరు, కానీ వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. వీలైతే ఆ వడ్డీ అయినా నెలనెలా కట్టుకుంటూ రండి. చిన్న వ్యాపారం పెట్టుకునేవారికి 2015 నుంచి ముద్రా రుణాలున్నాయి. శిశు విభాగంలో యాభై వేల దాకా హామీ లేకుండా ఇస్తారు.

వీటన్నిటిలో నాకు ఎంతో ఇష్టమైనది వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి. కోవిడ్ కాలంలో బండి నిలిచిపోయిన మనిషికి, జీతం కాగితం లేని మనిషికి, ముందు పదివేలు ఇచ్చారు. అది సకాలంలో తీరిస్తే ఇరవై వేలు, అదీ తీరిస్తే యాభై వేలు. 2025లో మొదటి మెట్టును 15,000కు, రెండోదాన్ని 25,000కు పెంచి, పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. నమ్మకం మెట్టు మెట్టుగా పుడుతుందని ప్రభుత్వం ఒప్పుకుని కట్టిన పథకం ఇది. మీరు ఏ దారిన మొదలుపెట్టినా క్రమం ఇలాగే ఉండాలి. మొదటి రుణం తీరాకే రెండోదాని వైపు చూడండి.

యాప్‌ల గురించి చెప్పకుండా ఉండలేను. రుణ చరిత్ర లేని కుర్రాడి ఫోనుకు వచ్చే మొదటి సందేశం యాప్ నుంచే వస్తుంది. ఐదు నిమిషాల్లో ఐదు వేలు అంటుంది. అన్నీ మోసమే అనను. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థల తరఫున పనిచేసేవి ఉన్నాయి, వాటి జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది, ముందు అది చూడండి. 2022 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడాలి. సంతకానికి ముందే కీలక వాస్తవాల పత్రం ఇవ్వాలి, అందులో అన్ని రుసుములూ కలిపిన వార్షిక వడ్డీ రేటు రాయాలి. మీ ఫోనులోని ఫోటోలు, మీ స్నేహితుల నంబర్లు అడిగే హక్కు వాళ్లకు లేదు. అడిగితే అక్కడే ఆపేయండి. ఐదు వేలు అని చెప్పి చేతికి 3,800 ఇచ్చి, వారంలో ఐదు వేలు కట్టమనే యాప్‌ల వల్ల మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మీలో ఎవరైనా ఇప్పటికే ఆ వలలో ఉంటే, పరువు పోతుందని దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. తల్లిదండ్రులూ, ఆ మాట మీ బిడ్డ నోటి వెంట వచ్చిన క్షణంలో కోప్పడకండి. డబ్బు తర్వాత చూసుకోవచ్చు.

మరో పొరపాటు, కార్డు కావాలని ఒకే వారంలో ఐదు బ్యాంకులకు దరఖాస్తు చేయడం. మీరు అడిగిన ప్రతిచోటా బ్యాంకు మీ నివేదిక తెరుస్తుంది, తెరిచినట్టు అందులో నమోదవుతుంది. ఖాళీ నివేదికలో ఐదు విచారణలు ఒక్కటే కనిపిస్తే, ఎవరూ ఇవ్వలేదు కాబోలు అనుకుంటారు. మీ నివేదిక మీరే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి మూడు నెలలకు ఒక సంస్థ దగ్గర చూసుకుంటే ఏడాది పొడవునా రూపాయి ఖర్చు లేకుండా కనిపెట్టుకుని ఉండవచ్చు.

నివేదికలో ప్రతి రుణం కిందా నెలల వారీగా చిన్న గడులుంటాయి. సకాలంలో కడితే మూడు సున్నాలు. '030' అని ఉంటే ముప్పై రోజులు ఆలస్యమని. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకు ఒకసారి ఈ సమాచారం పంపుతున్నాయి, కాబట్టి మంచి అయినా చెడు అయినా తొందరగానే ఎక్కుతుంది. ఆ సున్నాల వరుస పెరుగుతూ ఉంటే కొన్ని నెలల్లోనే మీకు స్కోరు వస్తుంది. వచ్చాక రోజూ దాన్నే చూస్తూ కూర్చోవద్దు. 760 వచ్చిందా 772 వచ్చిందా అన్న బెంగ అనవసరం. సున్నాల వరుస చెడకుండా చూసుకోండి.

నా మాటలు ఇంతటితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థి): మేడమ్, మా నాన్నగారు పంట రుణం కట్టలేకపోయారు. ఆ ఎగవేత నా పేరు మీద పడుతుందా?

పడదు, బాబూ. మీ నివేదిక మీ పాన్ మీద నడుస్తుంది, మీ నాన్నగారిది ఆయన పాన్ మీద. ఆయన రుణంలో నువ్వు సహ రుణగ్రహీతగా గానీ, జామీనుదారుగా గానీ సంతకం చేసి ఉంటే మాత్రం పడుతుంది. విద్యా రుణంలో ఆయనతో సంతకం చేయించవలసి వస్తే బ్యాంకు ఆయన నివేదిక కూడా చూస్తుంది. అప్పుడు మంచి రికార్డున్న అమ్మనో, మేనమామనో సహ రుణగ్రహీతగా తీసుకోమని అడగవచ్చు. ఇంకో సంగతి తెలుసుకో. విద్యార్థి స్కోరు తక్కువగా ఉందన్న కారణంతో విద్యా రుణ దరఖాస్తును తోసిపుచ్చకూడదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. జామీను సంతకం గురించి అందరికీ ఒక మాట. స్నేహితుడు అడిగాడని మొహమాటానికి పెట్టే సంతకం సాక్షి సంతకం కాదు. అతను కట్టకపోతే ఆ బాకీ మీది, ఆ మచ్చ మీది. ఇవ్వలేకపోతే, ఇవ్వలేనని ఆ రోజే చెప్పండి.

ప్రశ్న (మరో విద్యార్థి): నెల రోజుల్లో స్కోరు 800 చేస్తామని ఫోన్లు వస్తున్నాయి. మూడు వేలు అడుగుతున్నారు.

ఇవ్వకండి. నిజంగా జరిగిన ఆలస్యాన్ని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడిన నమోదును మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. సమాచార సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి, అటు బ్యాంకుకూ రాయండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ సమాచార సంస్థలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి.

ప్రశ్న (ఒక తల్లి): అమ్మా, నేను పొదుపు సంఘంలో పన్నెండేళ్లుగా ఉన్నాను. సంఘం అప్పు ఎన్నోసార్లు తెచ్చి తీర్చాం. నా పేరు మీద కుట్టు మిషన్లకు అప్పు అడిగితే చరిత్ర లేదన్నారు.

ఈ ప్రశ్న మీరు అడిగినందుకు సంతోషం, తల్లీ. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఐదు వందల సంఘాలతో బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టింది. మన తెలుగు ఆడవాళ్లు ఆ పనిని ఎంత దూరం తీసుకెళ్లారో దేశానికంతా తెలుసు. కానీ రుణం ఏళ్ల తరబడి సంఘం పేరు మీదే నమోదైంది. పన్నెండేళ్లు కట్టిన మీ చేతి కష్టం సంఘం ఖాతాలో ఉంది, మీ పేరు పక్కన లేదు. సభ్యుల వారీ సమాచారం కూడా పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకు చెప్పింది. అన్ని చోట్లా అది సరిగా జరగలేదు. గ్రామీణులకు, సంఘాల సభ్యులకు ప్రత్యేకంగా గ్రామీణ క్రెడిట్ స్కోరు రూపొందిస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. అది వచ్చేదాకా మీరు ఆగనవసరం లేదు.

ముందు మీ నివేదిక తెప్పించి చూడండి, మీ అమ్మాయి ఫోనులోనే వస్తుంది. సంఘం రుణం అందులో మీ పేరున కనిపించకపోతే బ్యాంకులో మీ ఆధార్, పాన్, ఫోన్ నంబరు సంఘం ఖాతాతో జతపడ్డాయో లేదో అడగండి. తర్వాత సంఘం పుస్తకాలు తీసుకెళ్లండి. తీర్మానాల పుస్తకం, అందులో మీకు ఎంత ఇచ్చారో, మీరు ఏ నెల ఎంత కట్టారో రాసిన లెడ్జరు పేజీలు, గ్రామ సమాఖ్య ముద్ర వేయించిన నకళ్లు. వాటిని దరఖాస్తుకు జతచేసి, చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించవద్దన్న రిజర్వు బ్యాంకు సూచనను దరఖాస్తులోనే ఒక వాక్యంగా రాయండి. శిశు ముద్రా కింద యాభై వేలు అడగండి, ఒకటి రెండు మిషన్లకు అది చాలు. సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, దరఖాస్తు మనం కలిసి రాద్దాం. మీ సంఘంలో ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లనూ పిలవండి.